రెండొందల మూడు

వారాసిగూడల మా గదికి రెండు స్లాబులు.
ఒకటి నెత్తి మీద.
పగలంతా ఎండ తాగి
నడిరాత్రి దాకా మా మీద కక్కుతది.
ఇంకోటి మెట్ల కింద, మీటర్ల.
కండ్లకు కనవడదు.
రెండొందల కాడ దాని అంచు.
ఇవతలుంటే బిల్లు సున్నా.
అవతల కాలు పెడితే
మొదటి యూనిటు నుంచి లెక్క గట్టిస్తరు.

ఏప్రిల్ ఎట్లనో గట్టెక్కినం,
నూట తొంభై ఆరుతోని.
మే నెలను చూస్తేనే గుండె దడ.

రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు.
మా ఇంట్ల రోలే లేదు, మిక్సీ ఉన్నది.
దాన్ని మూటగట్టి అటకెక్కించిన.
కౌసర్ ఆపా రోట్ల పచ్చడి నూరుకున్న.
ఫ్రిజ్ బంద్ వెట్టి రంజన్ కొన్న.
జాకెట్లు కుట్టే మిషన్‌కు మోటరు ఇప్పేసి
కాళ్లతోనే తొక్కిన,
పిక్కలు రాళ్లయినయ్.
కూలర్ పదకొండింటికి పెట్టుడు, రెండింటికి ఆపుడు.
ఆపంగనే చిన్నోడు లేస్తడు,
"అమ్మా, గాలి సచ్చిపోయింది" అంటడు.

మా ఆయన తార్నాకల ఏటీఎం కాడ కావలి.
ఆ గాజు గదిల మనుషులు లేకున్నా
నోట్లకు ఉక్క పోయొద్దని
తెల్లందాక ఏసీ నడుస్తనే ఉంటది.
పొద్దుగాల ఆయన వాకిట్ల నిలవడితే
పిల్లలు ఉరికిపోయి
చొక్కాకు చెంపలు ఆనిస్తరు.
అందుల సల్లదనం ఉన్నదో,
ఉన్నదనుకుంటరో.

రోజూ పండేముందు
ఫోను లైటు పట్టుకొని మెట్లు దిగుత.
అన్ని స్విచ్చులు ఆపినా
మీటర్ల ఎర్రదీపం ఆగి ఆగి కొట్టుకుంటది,
దొంగనిద్ర పోయే పిల్లగాని రెప్ప లెక్క.
కొలతల బుక్కుల
ఛాతీ ముప్పై ఆరు, భుజం పద్నాలుగు,
దాని పక్కనే ఆనాటి యూనిట్లు.

ఇరవై ఆరో తారీఖుకు నూట ఎనభై తొమ్మిది.
ఇగ గెలిచినమనుకున్న.

ఆ పొద్దే లైన్‌మన్ వచ్చి
కౌసర్ ఆపా ఫ్యూజు పీక్కపోయిండు.
మూడు నెలల బాకి.
లోపల ఆమె కోడలు,
పదకొండు దినాల పసిగుడ్డు,
వీపు నిండ చెమట పొక్కులు.
ఏడ్చి ఏడ్చి గొంతు పోయి
ఉత్త నోరే తెరుస్తున్నది.

ఆపా అడగలే.
నేనూ ఏం అనలే.
మా కిటికీకి, వాళ్ల కిటికీకి నాలుగడుగుల సందు.
దండెం కట్టినట్టు వైరు కట్టిన,
ఓనర్ కండ్ల వడకుండ
మీద ఒక చున్నీ ఆరేసిన.
అవతలి కొసకు మా టేబుల్ ఫ్యాను.

ఏడో తరగతి చదివే మా స్నిగ్ధ లెక్క చెప్పింది:
"యాభై వాట్ల ఫ్యాను
ఇరవై గంటలు తిరిగితే ఒక యూనిటమ్మా."
మూడు రాత్రులు, రెండు పగళ్లు తిరిగింది.
మూడో తెల్లారి
పోరడు గుక్కపట్టి ఏడిస్తే
ఆ గొంతు విని ఇద్దరం నవ్వినం,
నేను ఈ కిటికీల, ఆపా ఆ కిటికీల.

ముప్పైన రావాల్సిన మీటరు పిల్లగాడు
ఒకటో తారీఖు వచ్చిండు.
బొటనవేలంత మిషను
గర్‌మని కాగితం కక్కింది.
రెండొందల మూడు.
పదకొండు వందల డెబ్బై ఆరు రూపాయలు.

"మూడంటే మూడు! యాడవోయినయ్?"
మా ఆయన అంగీ గుండీలు తప్పు పెట్టుకుంట
సందంత వినవడేటట్టు అరిసిండు.
స్నిగ్ధ నోరు తెరిసింది.
నేను కండ్లతోనే మూయించిన.
"నిన్న వానికని ఒక్కసారి మిక్సీ దింపిన" అన్న.
అటక మీద మూట మీద
వేలుమందం దుమ్ము.
ఆయన దిక్కు చూసిండు.
ఇగ ఏమనలే.

బిల్లును పొయ్యి పక్క మొలకు గుచ్చిన.
సాయంత్రానికి ఆ సెగకు
కాగితం మొత్తం నల్లవడ్డది.
రెండొందల మూడు ఏ మూలకున్నదో
ఇప్పుడు ఎవరికీ తెల్వదు.
పైసలైతే పదిహేనో తారీఖు లోపల కట్టాలె.
పన్నెండు జాకెట్లు.
మోటరు లేకుంట.